పటాలం జీతానికి బీరారు తాకట్టు

దక్కను ఖజానా కథలు – 7

గత భాగం ఖర్డా యుద్ధం దగ్గర ఆగింది. 1795 మార్చిలో మరాఠాల చేతిలో ఓడిన నిజాం అలీ ఖాన్ మూడు కోట్ల రూపాయల జరిమానాకు తలూపాడు. దౌలతాబాదు కోటతో పాటు కొంత నేలను వదులుకోవడానికీ ఒప్పుకున్నాడు. స్నేహితులమని చెప్పుకున్న ఇంగ్లీషువాళ్లు ఆ యుద్ధంలో వేలు పెట్టలేదు. ఆ తర్వాత పూణెలో లేచిన వారసత్వపు గొడవల పుణ్యమా అని నష్టంలో చాలాభాగం నిజాంకు తిరిగి దక్కింది గాని, మనసులో పడ్డ భయం మాత్రం పోలేదు. నమ్మకమైన సైన్యం లేకపోతే గద్దె నిలవదని ఆయన తీర్మానించుకున్నాడు. ఆ తీర్మానాన్ని తప్పుపట్టలేం. కానీ అక్కణ్ణుంచి మొదలైన ఖర్చు అరవై ఏళ్లు తిరక్కుండానే ఆయన మనవడి చేత బీరారును రాయించుకుంది. ఈ భాగం ఆ ఖర్చు కథ.

ఫ్రెంచి తుపాకులు పోయి ఇంగ్లీషు పటాలాలు

ఖర్డా తర్వాత నిజాం మొదట నమ్మింది ఫ్రెంచివాళ్లను. మిషెల్ రేమండ్ అప్పటికే హైదరాబాదులో ఫిరంగులు పోతపోసే కార్ఖానా నడుపుతున్నాడు. అబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ అనే పేటకు ఆ పేరు వచ్చింది అందువల్లే. ఆయన కింద ఐరోపా పద్ధతిలో కవాతు నేర్చిన దళం పద్నాలుగు వేల దాకా పెరిగింది. దాని జీతాలకు జాగీరు కేటాయించారు. అంటే ఫలానా తాలూకాల శిస్తు సర్కారు ఖజానాకు రాకుండా నేరుగా సైన్యం చేతికి పోతుంది. సైన్యానికి భూమి రాబడిని రాసిచ్చే ఈ అలవాటు మొగలాయిల నాటిదే. ఇకముందు హైదరాబాదును ముంచబోయేది కూడా ఇదే అలవాటు.

1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. అదే ఏడాది గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగిన వెల్లస్లీ టిప్పు మీద యుద్ధానికి కాచుకుని ఉన్నాడు. హైదరాబాదులో ఫ్రెంచి అధికారుల కింద పద్నాలుగు వేలమంది ఉండడం ఆయనకు కంట్లో నలుసు. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంటు, జేమ్స్ కర్క్‌ప్యాట్రిక్ నడిపిన మంతనాల ఫలితంగా 1798 సెప్టెంబరు 1న ఒప్పందం కుదిరింది. కంపెనీ ఆరు బెటాలియన్ల సిపాయిలను హైదరాబాదులో ఉంచుతుంది, నిజాం అందుకు ఏటా 24,17,100 రూపాయలు చెల్లిస్తాడు, ఫ్రెంచి దళాన్ని రద్దు చేస్తాడు. అక్టోబరులో ఆ దళం చేత ఆయుధాలు దింపించినప్పుడు పెద్దగా ప్రతిఘటనే ఎదురు కాలేదు. బకాయి పడ్డ జీతాల కోసం సిపాయిలు అప్పటికే తమ ఫ్రెంచి అధికారుల మీద తిరగబడి ఉన్నారు. దక్కనులో అంత పేరున్న సైన్యం శత్రువు ఫిరంగులకంటే ముందు జీతం లేక కూలిపోయింది.

మరుసటి ఏడు శ్రీరంగపట్నం పడింది. టిప్పు రాజ్యంలో నిజాంకు వాటా దక్కింది. 1792 యుద్ధంలో వచ్చినదాన్నీ దీన్నీ కలిపితే బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు ఆయన చేతికి వచ్చినట్టయింది. అది పదిహేను నెలల ముచ్చటే. కంపెనీ పటాలాన్ని ఇంకా పెంచుదామంది. పెంచితే ఖర్చు పెరుగుతుంది, ఏటేటా నగదు అందకపోతే పేచీలు వస్తాయి, దానికి బదులు నేలనే ఇచ్చేస్తే ఇక అడిగేది ఉండదంది. 1800 అక్టోబరు 12న సంతకాలైన ఒప్పందంతో మైసూరు నుంచి వచ్చిందంతా కంపెనీకి పోయింది. దత్తమండలాలని పిలిచిన ఆ సీమకు మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడే థామస్ మన్రో. ఇవాళ మనం రాయలసీమ అంటున్న ప్రాంతంలో ఎక్కువభాగం ఒక్క యుద్ధంలోనూ ఓడిపోకుండా, పటాలం జీతం కింద, చేతులు మారింది.

ఆ ఒప్పందంలో ఒక మాట మరిచిపోకూడదు. నేల ఇచ్చాక ఆ సబ్సిడరీ పటాలం ఖర్చు కింద నిజాం ఇక దమ్మిడీ ఇవ్వనక్కర్లేదు. ఆ లెక్క అక్కడితో చెల్లు. పన్నెండో షరతు ప్రకారం మాత్రం యుద్ధం వచ్చినప్పుడు నిజాం తన సొంత సైన్యంలోంచి ఆరు వేల కాల్బలాన్ని, తొమ్మిది వేల గుర్రపు దళాన్ని కంపెనీకి తోడుగా పంపాలి. యుద్ధం వచ్చినప్పుడు మాత్రమే. శాంతికాలంలో వాళ్లను ఎలా పోషించాలో, ఎవరి కింద ఉంచాలో ఆ షరతులో ఎక్కడా లేదు. తర్వాతి యాభై ఏళ్ల కథంతా ఆ లేనిచోటే పుట్టింది.

రెండో సైన్యం

1803లో నిజాం అలీ ఖాన్ పోయి సికందర్ జా గద్దెనెక్కాడు. హుసేన్ సాగర్‌కు ఉత్తరాన సబ్సిడరీ పటాలం దిగిన దండుకు 1806లో ఆయన పేరు మీదనే సికింద్రాబాదు అని పేరు పెట్టారు. ఊళ్లో జనం దాన్ని లష్కర్ అన్నారు. ఆషాఢంలో లష్కర్ బోనాలు అన్నప్పుడల్లా ఆ దండునే తలుచుకుంటున్నాం.

దీనికి తోడు ఇంకో సైన్యం పుట్టింది. 1811లో రెసిడెంటుగా వచ్చిన హెన్రీ రస్సెల్‌కు నిజాం సొంత సైనికుల తీరు నచ్చలేదు. జీతాలు అందక ఏడాదికోసారి తిరగబడే దళాలు యుద్ధంలో అక్కరకు రావన్నాడు. 1813 ప్రాంతంలో ఇంగ్లీషు అధికారుల కింద రెండు బెటాలియన్లు లేపాడు. వాటికి తన పేరే పెట్టుకున్నాడు, రస్సెల్ బ్రిగేడ్. బీరారులో, ఔరంగాబాదులో ఉన్న గుర్రపు దళాలను కూడా ఇదే పద్ధతిలోకి తెచ్చారు. ఇవన్నీ కలిసి హైదరాబాదు కంటింజెంటు అయ్యాయి. బొల్లారం, ఔరంగాబాదు, ఎలిచ్‌పూర్, హింగోలి దాని మకాములు.

కాగితం మీద ఇది నిజాం సైన్యం. అధికారులను ఎంచేది రెసిడెంటు, కవాతు నేర్పేది ఇంగ్లీషువాళ్లు, ఎక్కడికి కదలాలో చెప్పేదీ వాళ్లే. 1817 డిసెంబరులో మాల్వాలోని మహీద్‌పూర్ దగ్గర హోల్కరుతో కంపెనీ చేసిన యుద్ధంలో ఈ బ్రిగేడ్ పోరాడింది. మరాఠా యుద్ధం ముగిసి దక్కనులో శత్రువన్నవాడు మిగలకపోయినా కంటింజెంటు తగ్గలేదు. పోనుపోను దాని ఖర్చు ఏడాదికి నలభై లక్షల రూపాయల దాకా పోయింది. సబ్సిడరీ పటాలానికి 1798లో ఒప్పుకున్న నగదుతో పోలిస్తే ఇది ఎంతో ఎక్కువ. ఆ పటాలం కోసం దత్తమండలాలు ఇచ్చేసిన తర్వాత మళ్లీ ఇదొకటి.

ఖర్చు ఎందుకంత? సిపాయి జీతం చూస్తే అర్థం కాదు, అధికారుల బత్తాలు చూడాలి. కంటింజెంటులో ఉద్యోగం దొరకడమంటే మద్రాసు, బెంగాలు పటాలాల అధికారులకు పండగ. జీతం ఎక్కువ, పని తక్కువ, పదవులు దండిగా. తొమ్మిది వేలమంది ఉన్న దళానికి బ్రిగేడియర్లు, వాళ్ల కార్యాలయాలు, వాళ్ల సిబ్బంది అవసరానికి మించి తయారయ్యారు. ఖర్చంతా పాపం నిజామే భరిస్తాడులే అని తెల్లదొరల విందు బల్లల దగ్గర ఒక వేళాకోళం నడిచేది. ఇంటికి కాపలా కోసం పెట్టుకున్నవాడే తన జీతం తానే రాసుకుని, బీరువా తాళంచెవి కూడా తన దగ్గరే ఉంచుకుంటే ఎలా ఉంటుందో హైదరాబాదు పరిస్థితి అలా ఉంది.

నిజాం ఎందుకు ఊరుకున్నాడన్న ప్రశ్నకు జవాబు దర్బారులో ఉంది. 1809 నుంచి పేరుకు దివాను మునీరుల్ ముల్క్, పెత్తనమంతా ఆయన కింది అధికారి, పేష్కారు రాజా చందూలాల్‌ది. చందూలాల్ ఆ పదవిలో ఉన్నది రెసిడెంటు అండతో. ఆ అండ ఉన్నంతకాలం సికందర్ జా కూడా ఆయనను కదపలేడు. కాబట్టి రెసిడెంటు ఎంత అడిగితే అంత చెల్లించడమే చందూలాల్ విధానమైంది. దానధర్మాలకు పేరుమోసిన మనిషి, ఉర్దూ, ఫారసీల్లో కవిత్వం చెప్పిన రసికుడు, గడుసరి. ఆయన పేరు మీద చందూలాల్ బారాదరి అనే పేట ఇవాళ్టికీ పాతబస్తీలో ఉంది. ఖజానాలో లేని డబ్బును ఉన్నట్టుగా నడిపించడంలో మాత్రం ఆయనకు సాటి లేరు. ఆ విద్యకు గురువులు కాదగ్గవాళ్లు రెసిడెన్సీ పక్కనే దుకాణం తెరిచారు.

పామర్ దొర దుకాణం

విలియం పామర్ తండ్రి కంపెనీ జనరల్, తల్లి బేగం ఫైజ్ బక్ష్. నిజాం సైన్యంలో పనిచేసి, ఆ కొలువు విడిచి వ్యాపారంలో దిగాడు. 1814లో విలియం పామర్ అండ్ కంపెనీ మొదలైంది. గుజరాతీ సాహుకారు బంకటీ దాస్ అందులో భాగస్వామి. రెసిడెన్సీ వైద్యుడు జార్జి లాంబ్, రెసిడెన్సీ ఉద్యోగి హాన్స్ సోథ్‌బీ కూడా ఇందులో చేరారు. తర్వాత సర్ విలియం రంబోల్డ్ వచ్చాడు. ఈ రంబోల్డ్ భార్య అప్పటి గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్ ఇంట్లో సొంత బిడ్డలా పెరిగిన మనిషి.

స్వదేశీ రాజులకు ఇంగ్లీషువాళ్లు అనుమతి లేకుండా అప్పులివ్వకూడదని పార్లమెంటు చట్టం చేసి ఉంది. ఆర్కాటు నవాబు అప్పుల కుంభకోణం తర్వాత పెట్టిన కట్టడి అది. 1816లో హేస్టింగ్స్ పామర్ కంపెనీకి ఆ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చాడు. ఇక తలుపులు బార్లా తెరుచుకున్నాయి.

వ్యవహారం ఇలా నడిచేది. బీరారులో, ఔరంగాబాదులో ఉన్న కంటింజెంటు దళాలకు నెలనెలా జీతం తప్పకూడదు. తప్పితే రెసిడెంటు ఊరుకోడు. శిస్తు మాత్రం పంట చేతికొచ్చాకే వస్తుంది. ఈ రెంటి మధ్య ఎడంలో పామర్ కంపెనీ నెలకు రెండు లక్షల చొప్పున సర్దుతుంది. అందుకు బదులుగా ఏడాదికి ముప్పై లక్షల శిస్తు రాబడిని చందూలాల్ వాళ్ల పేరన రాసిచ్చాడు. వడ్డీ నూటికి 24, 25. సైన్యం ఖర్చు నలభై లక్షలైతే దాన్ని సమయానికి కట్టడానికి అయ్యే ఖర్చు వేరే. జీతం తిన్నవాళ్లు ఇంగ్లీషు అధికారులు, ఆ జీతానికి అప్పిచ్చి వడ్డీ తిన్నవాళ్లలో ఇంగ్లీషు అధికారులు, జీతం ఆగితే కళ్లెర్రజేసేవాడూ ఇంగ్లీషు రెసిడెంటే.

1820లో అరవై లక్షల పెద్ద అప్పు వచ్చింది. అనవసరపు సైనికులను బకాయిలిచ్చి పంపేయడానికి, పాత సాహుకార్ల బాకీలు తీర్చడానికి, రైతులకు తక్కావీ, అంటే సాగు అప్పులు, ఇవ్వడానికి అని చెప్పారు. కలకత్తా కౌన్సిల్‌లో అభ్యంతరాలు వచ్చినా హేస్టింగ్స్ సరే అన్నాడు. ఆ ఏడాది చివర్లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ లెక్కలు తిరగేశాడు. అరవై లక్షల్లో ఎనిమిది లక్షలు భాగస్వాములకు బహుమానంగా పోయాయి. మిగతాది పామర్ కంపెనీ పాత ఖాతాలోని బాకీని కొత్త ఖాతాలోకి మార్చడమే. సైనికులకు గాని, రైతులకు గాని చేరిన సొమ్ము కనిపించలేదు. మెట్‌కాఫ్ ఈ సంగతి రాసి పంపితే హేస్టింగ్స్‌కు ముందు కోపం వచ్చింది. కానీ లండనులోని డైరెక్టర్లు అప్పటికే మండిపడుతున్నారు. పామర్ కంపెనీతో నిజాం లావాదేవీలు ఆపించారు.

ఆపాలంటే బాకీ తీర్చాలి. ఎక్కణ్ణుంచి? ఇక్కడ మన కోస్తా కథలోకి వస్తుంది. 1766 ఒప్పందంతో ఏలూరు, రాజమహేంద్రవరం, ముస్తఫానగరు, శ్రీకాకుళం సర్కార్లు కంపెనీకి పోయాయి. గుంటూరు సర్కారు నిజాం అలీ సోదరుడు బసాలత్ జంగ్ చేతిలో ఉండి, ఆయన పోయాక 1788లో వాళ్ల వశమైంది. ఈ సర్కార్లకు ప్రతిగా కంపెనీ నిజాంకు ఏటా పేష్కష్, అంటే కప్పం, కట్టాలి. అది ఏడు లక్షల దగ్గర నిలిచింది. ఆ సీమ ఒకనాడు తనదేనని నిజాం చెప్పుకోవడానికి మిగిలిన చివరి ఆధారం అదే. 1823లో కంపెనీ ఆ పేష్కష్‌ను శాశ్వతంగా కొనేసింది. నూటికి ఆరు వడ్డీ చొప్పున ఏడు లక్షలు పుట్టాలంటే ఎంత మూలధనం ఉండాలో లెక్కగట్టి 1,16,66,666 రూపాయలు ధర పెట్టింది. ఆ ధరలో మోసం లేదు. కానీ అందులో ఎక్కువభాగం నిజాం ఖజానాకు చేరకుండానే పామర్ బాకీకి పోయింది. మరుసటి ఏడు పామర్ కంపెనీ దివాలా తీసింది. ఎవరు దివాలా తీసినా కంటింజెంటు మాత్రం చెక్కుచెదరలేదు, నలభై లక్షల ఖర్చూ తగ్గలేదు.

గుత్తకు తీసుకున్న పల్లెలు

ఈ డబ్బంతా చివరికి రాబట్టింది రైతు దగ్గరే. చందూలాల్ కాలంలో తాలూకాలను గుత్తకు ఇచ్చేవారు. ఎవడు ఎక్కువ నజరానా ఇస్తే వాడికే తాలూకా. ఏడాది తిరక్కుండా ఇంకొకడు ఎక్కువ పాడితే మొదటివాడు ఇంటికి. ఎప్పుడు పోతుందో తెలియని పదవికి పెట్టుబడి పెట్టినవాడు రైతు కడుపు చూడడు. ఇచ్చిన సొమ్మును, దాని మీద వడ్డీని, తన లాభాన్ని అదే పంటలో లాగుతాడు. శిస్తు కట్టలేని రైతు ఊరు విడిచి ఎటైనా పోతాడు. మెట్‌కాఫ్ రాతల నిండా పాడుబడ్డ పల్లెలే. ఆయన జిల్లాల్లో ఇంగ్లీషు అధికారులను పెట్టి రైతులతో శిస్తు ఒడంబడికలు రాయించాడు. కొంత ఊరట కలిగింది గాని, 1829లో గద్దెనెక్కిన నాసిరుద్దౌలా తన రాజ్యంలో పరాయి పెత్తనం వద్దన్నాడు. అధికారులు వెనక్కి పోయారు, గుత్తలు మళ్లీ వచ్చాయి. 

ఇంగ్లీషు కంటింజెంటు ఒక పక్కనుండగా, అరబ్బు జమేదార్ల దళాలు, రోహిల్లాలు ఇంకో పక్క. వీళ్ల జీతాలకూ తాలూకాలే కుదువ. అరబ్బు జమేదారు ఒక చేత్తో జీతం తీసుకుని ఇంకో చేత్తో సర్కారుకే వడ్డీకిచ్చేవాడు. బాకీ తీరేదాకా తాలూకా వదిలేవాడు కాదు. పామర్ పోయాక ఆ ఖాళీలోకి బొంబాయి వైపు నుంచి పార్సీ సాహుకారు పేస్తన్‌జీ మెహర్‌జీ వచ్చాడు. కంటింజెంటు జీతాలకు అప్పిచ్చి బీరారు తాలూకాలను కుదువపట్టాడు. అక్కడి పత్తిని బొంబాయికి తోలాడు. ఔరంగాబాదు టంకశాలలో అతని చేతిమీదుగా కొట్టిన రూపాయలకు పేస్తన్‌షాహీ అని పేరు కూడా పడింది. 1840ల నడుమ సర్కారు ఆ తాలూకాలను బలవంతంగా వెనక్కి తీసుకుంది. అతని బాకీ తీరలేదు, అతని లాంటి సాహుకారు మళ్లీ దొరకనూ లేదు.

1843లో చందూలాల్ ఇక బండి లాగలేక పదవి వదిలేశాడు. అప్పిచ్చేవాళ్లు లేరు. జీతం మాత్రం ఆగకూడదు. అప్పుడు కంటింజెంటు జీతాలను కంపెనీ తన ఖజానాలోంచే ఇచ్చి నిజాం పేరన బాకీ రాయడం మొదలుపెట్టింది. పామర్ కూర్చున్న పీఠం మీద కంపెనీయే కూర్చుంది. తేడా ఒక్కటే, ఈ సాహుకారుకు ఫిరంగులున్నాయి.

1853 మే

ఆ బాకీ ఏటేటా పెరిగి 1851 నాటికి 70 లక్షలు దాటింది. ఆ జూన్‌లో గవర్నర్ జనరల్ డల్హౌసీ నాసిరుద్దౌలాకు రాసిన ఖరీతా దౌత్య భాషలో లేదు. తలుచుకుంటే పేరూ ఆనవాలూ లేకుండా కాలికింద ధూళిగా మార్చగల సర్కారుతో పెట్టుకుంటున్నావన్న అర్థం వచ్చే మాట అందులో ఉంది. నాసిరుద్దౌలా ఉన్నదంతా ఊడ్చి పెద్ద మొత్తమే కట్టాడు. తన నగలు కుదువపెట్టి సొమ్ము సమకూర్చే ప్రయత్నమూ చేశాడు. కానీ అసలు తీరుతుంటే పక్కన కొత్త జీతాల బాకీ పుడుతోంది. రెండేళ్లలో మళ్లీ నలభై లక్షల పైచిలుకు నిలిచింది.

ఈ బాకీ అసలు చెల్లుతుందా అన్న ప్రశ్న కూడా అప్పుడే లేచింది. సికింద్రాబాదు, జాల్నా దండుల్లో ఆబ్కారీ రాబడిని కంపెనీ ఏళ్ల తరబడి తానే వసూలు చేసుకుంటోందని, అది న్యాయంగా తమదని, దాన్ని జమ వేస్తే బాకీయే ఉండదని నిజాం తరఫువాళ్ల వాదన. ఇంతకంటే పెద్ద చిక్కు డల్హౌసీ రాతల్లోనే ఉంది. 1800 నాటి పన్నెండో షరతు వల్లే నిజాం శాంతికాలంలో కూడా కంటింజెంటును పోషించాల్సి వచ్చిందని నిజాయితీగల మనిషిగా తాను చెప్పలేనని 1853 వసంతంలో ఆయనే రాసుకున్నాడు. షరతు లేదని ఒప్పుకుంటూనే ఆ షరతు కింద పుట్టిన బాకీకి నేల రాయించుకోవడానికి కర్నల్ జాన్ లోను రెసిడెంటుగా పంపాడు.

దర్బారులో లో దొర ముసాయిదా పెట్టినప్పుడు నాసిరుద్దౌలా చెప్పిన మాటలను ఆ రెసిడెంటే కలకత్తాకు నివేదించాడు. రాజుకు తలవంపులు తెచ్చేవి రెండు పనులని నిజాం అన్నాడు. ఒకటి, తాతతండ్రుల నుంచి వచ్చిన నేలను అక్కర లేకుండా పరులకివ్వడం. రెండు, తనను నమ్మి ధైర్యంగా పోరాడిన సైనికులను అవమానించి వెళ్లగొట్టడం. మీరు నా చేత ఈ రెండింటిలో ఒకటి చేయించాలని చూస్తున్నారన్నాడు. కంటింజెంటును రద్దు చేసేస్తే ఖర్చే ఉండదు కదా అన్న మాట కూడా దర్బారులో నలిగింది. రద్దు చేసినా బాకీ తీరేదాకా ఏళ్ల తరబడి మెల్లమెల్లగానే అని, అప్పటిదాకా నేల మా దగ్గరే అని జవాబు వచ్చింది. శాశ్వతంగా రాసివ్వాలన్న మొదటి ముసాయిదాకు నిజాం ఎంతకూ ఒప్పుకోలేదు. గడువు రాయకుండా అప్పగింత అని మార్చారు. ఈలోగా పూణె నుంచి తెల్లపటాలాలు కదలబోతున్నాయన్న కబురు రెసిడెన్సీ నుంచి దివాను సిరాజుల్ ముల్క్‌కు చేరింది.

1853 మే 21న సంతకాలయ్యాయి. బీరారు, రాయచూరు దోఆబు, పడమటి సరిహద్దున ధారాశివ్ ప్రాంతం కంపెనీ చేతికి పోయాయి. ఏటా యాభై లక్షల రాబడి ఉన్న నేల అది. ఆ రాబడిలోంచి అయిదు వేలకు తక్కువ కాని కాల్బలం, రెండు వేలకు తక్కువ కాని గుర్రపు దళం, నాలుగు ఫిరంగి దళాలు పోషిస్తారు, మిగిలితే నిజాంకు ఇస్తారు. కంటింజెంటు ఇక నిజాం సైన్యం కాదు, ఆయన కోసం కంపెనీ ఉంచే సైన్యం. అయిదు రోజులకు సిరాజుల్ ముల్క్ కన్నుమూశాడు.

బీరారు మీద లెక్క

నేల చేతికి రాగానే కంటింజెంటు సంఖ్యను, దాని ఖర్చును కంపెనీయే తగ్గించింది. నిజాం కట్టినంతకాలం కుదరని పొదుపు తన జేబు దాకా వచ్చేసరికి కుదిరింది. 1857 తిరుగుబాటు చెలరేగాక, 1858లో ఈ కంటింజెంటు దళాలు హ్యూ రోజ్ వెంట నడిచి ఝాన్సీ, కల్పీల దగ్గర పోరాడాయి. హైదరాబాదు రక్షణ కోసమని హైదరాబాదు నేల మీద పోషించిన సైన్యం నర్మద దాటి కంపెనీ రాజ్యాన్ని కాపాడింది. అందుకు కృతజ్ఞతగా 1860 ఒప్పందంలో యాభై లక్షల బాకీ మాఫీ చేసి, రాయచూరు దోఆబును, ధారాశివ్‌ను తిరిగి ఇచ్చారు. సురపురం సంస్థానాన్ని కలిపారు. బీరారును మాత్రం వదల్లేదు. పైగా దాని రాబడి, ఖర్చుల లెక్క నిజాంకు చూపాలన్న పాత షరతును అదే ఒప్పందంలో తీసేశారు.

ఎందుకు వదల్లేదో పత్తిని చూస్తే తెలుస్తుంది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై మాంచెస్టరు మరలకు దూది కరువైంది. బీరారు నల్లరేగడి అప్పుడు బంగారమైంది. రైలుమార్గం బీరారు మీదుగా 1867లో నాగపూరు చేరింది. ఖామ్‌గావ్ పత్తి బజారుకు వేసిన కొమ్మదారిని 1870లో వైస్రాయి మేయోనే వచ్చి ప్రారంభించాడు. బాకీ మాఫీ అయ్యాక తాకట్టు వస్తువును తిరిగివ్వడం మామూలు సాహుకార్ల మర్యాద. ఇక్కడ బాకీ పోయినా తాకట్టు మిగిలింది, ఎందుకంటే సైన్యం ఇంకా ఉంది, దాని ఖర్చు ఇంకా ఉంది. 1902 మార్చి చివర్లో వైస్రాయి కర్జన్ హైదరాబాదు వచ్చి అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్‌తో మాట్లాడాక, ఆ నవంబరులో బీరారును ఏడాదికి 25 లక్షల కౌలుకు శాశ్వతంగా తీసుకున్నారు. వెంటనే కంటింజెంటును భారత సైన్యంలో కలిపేసి ఆ పేరే లేకుండా చేశారు. ఏ సైన్యాన్ని పోషించడానికని నేలను పట్టుకున్నారో ఆ సైన్యం పోయింది, నేల మాత్రం వెనక్కి రాలేదు.

1766 నుంచి 1853 దాకా వరసగా చూస్తే కోస్తా సర్కార్లు, దత్తమండలాలు, కోస్తా పేష్కష్, బీరారు. వీటిలో ఒక్కదాన్నీ నిజాం కంపెనీతో యుద్ధం చేసి పోగొట్టుకోలేదు. తొలి మూడు దశాబ్దాలు సైన్య సహాయం కోసం, ఆ తర్వాత సైన్యం జీతం కోసం, ఆ జీతానికి తెచ్చిన అప్పుకోసం, చివరికి ఆ అప్పు మీద బాకీ కోసం ఒక్కొక్కటే వదులుకున్నాడు. చందూలాల్ దుబారాను, నిజాముల చేతకానితనాన్ని చరిత్రకారులు చాలానే తిట్టారు. అవి అబద్ధం కాదు. కానీ ఎంత పొదుపరి దివాను వచ్చినా ఈ ఖర్చును తగ్గించగలిగేవాడు కాదు. ఎంతమంది సిపాయిలుండాలో, వాళ్లకు ఎంతమంది అధికారులుండాలో, ఎవరి మీదికి యుద్ధానికి పోవాలో తేల్చే హక్కు కట్టేవాడికి లేదు. ఖర్చు ఎక్కువైతే అప్పు తెచ్చుకోవచ్చు, పన్ను వేయవచ్చు, పొదుపు చేయవచ్చు. ఆపే హక్కే లేని ఖర్చుకు మాత్రం ఆస్తులు అయిపోవడమే ముగింపు. హైదరాబాదులో జరిగింది అదే. సైన్యం మీద ఒక రాజ్యం ఎంత ఖర్చు పెడుతోంది అని అడగడం సులువు. ఆ ఖర్చు పెంచమన్నది ఎవరు, దాని మీద వడ్డీ ఎవరికి పోతోంది, చాలు అని చెప్పగలిగేది ఎవరు అని అడిగితేనే అసలు లెక్క తేలుతుంది.

సిరాజుల్ ముల్క్ పోయిన అయిదు రోజులకు, 1853 మే 31న, ఆయన అన్న కొడుకు తురాబ్ అలీ ఖాన్ దివాను అయ్యాడు. వయసు 24. చేతికొచ్చింది తాలూకాలన్నీ కుదువలో ఉన్న రాజ్యం, జీతం కోసం కత్తులు దూసే అరబ్బు జమేదార్లు. లోకం ఆయనను సాలార్ జంగ్ అని పిలిచింది. జమేదార్ల చేతుల్లోంచి తాలూకాలను ఆయన ఎలా విడిపించాడో, బీరారు కోసం లండను దాకా వెళ్లి ఏం సాధించాడో వచ్చే భాగంలో చూద్దాం.